వెంట్రుకవాసిలో ఎనిమిదో వంతు

బరువైన లెన్సు తగిలించిన కెమెరాను బల్లమీద కదలకుండా నిలపడం చూసేవారికి చిన్న పని. ఎదుట పెళుసుబారిన తాటాకు ఉన్నప్పుడు అది అంత చిన్న పని కాదు.

తాటాకు గ్రంథాన్ని విప్పడానికి ఓపిక కావాలి. ముందు గుడ్డమూట విప్పాలి. పైనా క్రిందా ఉన్న చెక్కపలకలను తీయాలి. ఆకుల రంధ్రాలగుండా పోయిన దారాన్ని మెల్లగా సడలించాలి. ఎన్నడో ఎవరో గంటంతో గీసి, మసి పూసి తుడిచిన అక్షరాలు అప్పుడు గాని కంటికి ఆనవు. ఆకు బాగా ఎండినదైతే వేలి తాకిడికే అంచులు పొడిగా రాలుతాయి. అటువంటి గ్రంథాన్ని మాటిమాటికీ విప్పడానికి వీలులేదు. విప్పిన ఆ ఒక్కసారే ప్రతి ఆకునూ ఇరువైపులా ఛాయాచిత్రం తీసి, తిరిగి మూటకట్టి భద్రపరచవలసి ఉంటుంది. ఆ తరువాత పండితుడు చదివేది ఆకును కాదు, ఆ చిత్రాన్ని.

ఆ చిత్రం కొంచెం చెదిరితే ఏమవుతుంది? పెళ్లి ఫొటోలో తలపాగా అంచు మసకబారినా పెళ్లికొడుకు పెళ్లికొడుకుగానే ఉంటాడు. తెలుగు అక్షరానికి అంత వెసులుబాటు లేదు. 'ద' అడుగున చిన్న గీత పెడితే 'ధ' అవుతుంది. ఆ గీత చెరిగిననాడు 'ధార' కాస్తా 'దార' అవుతుంది. నీటి ప్రవాహం భార్యగా మారిపోతుంది. 'ప'కు, 'వ'కు మధ్య ఉన్న భేదం పైభాగంలో ఒక చిన్న ఎడం మాత్రమే. అది పూడితే 'పగ' 'వగ'గా కనిపిస్తుంది. అర్థం పూర్తిగా చెడిపోతే పండితుడు అనుమానించి ఆగుతాడు. రెండు విధాలా అర్థం కుదిరినప్పుడే అసలు ప్రమాదం. పగ బదులు వగ అని చదివినా పద్యం నడుస్తూనే ఉంటుంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) ఈ ప్రమాదాన్ని బాగా ఎరిగినవాడు. కడపలోని తన బంగళాలో పండితులకు, లేఖకులకు జీతాలిచ్చి పెట్టుకొని, ఒక్కొక్క గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో మరొకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఒకే గ్రంథానికి అన్ని ప్రతులు ఎందుకంటే, లేఖకుని కన్ను అలసిపోతుంది, చేయి తప్పుతుంది. ప్రతి తప్పూ ఒక పాఠభేదమై తరతరాలూ వెంట వస్తుంది. కెమెరా ఈనాటి లేఖకుడు. దానికి కన్ను అలసిపోదు, కునుకు రాదు. కాని అది ఉన్నచోట ఉండకుండా కదిలిందంటే, పూర్వపు లేఖకుడు చేసిన పనే అదీ చేస్తుంది.

ఈ పని ఇప్పుడు దేశమంతటా పెద్ద ఎత్తున జరగవలసి ఉన్నది. 2003లో కేంద్రప్రభుత్వం జాతీయ వ్రాతప్రతుల మిషన్‌ను స్థాపించింది. 2025–26 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన 'జ్ఞానభారతం' కార్యక్రమం కోటికి పైగా వ్రాతప్రతులను లక్ష్యంగా పెట్టుకున్నది. అన్నింటినీ ఖరీదైన యంత్రాలున్న పెద్ద సంస్థలకు తరలించడం సాధ్యం కాదు. మఠాలలో, పాత ఇళ్ల అటకలమీద, చిన్న గ్రంథాలయాలలో ఉన్న మూటలలో చాలా భాగం అక్కడున్న బల్లమీదనే, అక్కడ దొరికిన కెమెరాతోనే కెమెరాకెక్కవలసి ఉంటుంది.

మరి బల్లమీద బరువైన లెన్సున్న కెమెరాను పెట్టగానే మొదట జరిగేది ఏమిటంటే, అది ముందుకు ఒరిగి ముక్కు నేలకు ఆనిస్తుంది.

కారణం లెక్కకు అందేదే. కెమెరా పెట్టె బరువు 700 గ్రాములనుకుందాం. దానికి తగిలించిన 70–200 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు కిలోన్నర. లెన్సు బరువంతా ఒక బిందువు దగ్గర ఉన్నదనుకుంటే, ఆ బిందువు కెమెరా పెట్టెకు దాదాపు 12 సెంటీమీటర్లు ముందు ఉంటుంది. రెండింటినీ కలిపి తూచితే ఉమ్మడి గురుత్వకేంద్రం కెమెరాకు 8 సెంటీమీటర్లు ముందు పడుతుంది. అంటే లెన్సు గొట్టం క్రింద, గాలిలో. కెమెరా పెట్టె అడుగు అంత ముందుకు రాదు. ఆధారం ఒకచోట, బరువు మరొకచోట అయినప్పుడు వస్తువు ఒరగక ఏమి చేస్తుంది?

ఇది చూసి చాలామంది లెన్సు బరువును నిందిస్తారు. అది న్యాయం కాదు. బరువు నిజానికి నిశ్చలతకు మిత్రమే. బరువైన వస్తువును కదిలించడం కష్టం. తిరగలి రాయి గాలికి ఎగిరిపోదు. చిక్కంతా బరువు ఎంత అన్నదానిలో లేదు, ఎక్కడ నిలిచింది అన్నదానిలో ఉన్నది. కావడి మోసేవాడికి ఈ శాస్త్రం ఎవరూ నేర్పనక్కరలేదు. ముందు కుండ బరువైతే బద్దను కొంచెం వెనక్కు జరుపుకొని, రెండువైపులా సమంగా తూగేచోట భుజం పెడతాడు. అలా పెట్టిన తరువాత రెండు కుండల నీళ్లు తొణకకుండా మైళ్ల కొద్దీ నడుస్తాడు.

పెద్ద లెన్సులకు మధ్యలో తొడిగే పట్టీ, దాని అడుగున ఒక చిన్న కాలు ఉంటాయి. దుకాణదారులు దానిని ట్రైపాడ్ కాలర్ అంటారు. కావడి బద్దకు భుజం ఎటువంటిదో లెన్సుకు అది అటువంటిది. కొన్నవారిలో చాలామంది దానిని అడ్డమని విప్పి పెట్టెలో పడవేస్తారు. కెమెరా అడుగున ఉన్న పావు అంగుళపు మరకే మొత్తం బరువును వ్రేలాడదీస్తారు. అప్పుడు కిలోన్నర లెన్సు ఆ మరను ముందుకు వంచుతూ ఉంటుంది. కెమెరాకు, లెన్సుకు మధ్య ఉన్న లోహపు కట్టు కూడా ఆ భారాన్ని మోస్తుంది. ఎంత బిగించినా చిత్రం తీసే లోపల చట్రం జానెడు క్రిందికి దిగినట్లు కనిపించడం, మళ్లీ పైకెత్తి బిగించడం, మళ్లీ దిగడం: ఈ పని అందరికీ అనుభవమే. కాలర్‌ను బిగించి, స్క్రూలు వదులుగా ఉంచి, కెమెరా ముందుకూ వెనక్కూ ఒరగని చోటు చేతితో చూసుకొని, ఆ తరువాత బిగిస్తే ఆ బాధ తొంభైపాళ్లు తీరుతుంది. కాలర్ లేని లెన్సయితే ముందుభాగం క్రింద ఏదైనా ఆధారం పెట్టడమే మార్గం.

అసలు తాటాకుకు ఇంత బరువైన లెన్సు ఎందుకు అన్న ప్రశ్న సహజమే. చిన్న లెన్సుతో దగ్గరగా పోతే కెమెరా నీడ ఆకుమీద పడుతుంది. గంటపు గీతలు గుంటలు. వాటిని చూపించాలంటే వెలుతురు ప్రక్కనుంచి ఏటవాలుగా రావాలి. కెమెరా మీదికి వచ్చి కూర్చుంటే ఆ వెలుతురుకు దారి ఉండదు. కనుక కొంచెం దూరంగా ఉండి చూడగలిగిన లెన్సు కావాలి. దూరంగా ఉండి చూసే లెన్సు పొడవుగా, బరువుగా ఉంటుంది.

ఇక కదలిక మాట. 40 సెంటీమీటర్ల పొడవున్న తాటాకును ఒకే చిత్రంలో తీస్తున్నామనుకుందాం. కెమెరాలోని సెన్సారు వెడల్పు 36 మిల్లీమీటర్లు. దానిమీద అడ్డంగా 8,000 చుక్కలున్నాయి. అంటే ఆకుమీద ఒక్కొక్క చుక్క వాటా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. నాభ్యంతరం 100 మిల్లీమీటర్ల దగ్గర పెట్టిన లెన్సు ఇటువంటి చిత్రానికి ఆకునుంచి సుమారు 1.2 మీటర్ల దూరంలో నిలవాలి. అంత దూరంనుంచి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు జరగాలంటే కెమెరా ఎంత వంగాలి? 20 సెంటీమీటర్ల పొడవున్న లెన్సు కొస మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఎనిమిది క్రిందికి దిగితే చాలు. మనిషి వెంట్రుక మందం అటువంటి వెయ్యోవంతులు సుమారు డెబ్బై. కనుక వెంట్రుకవాసిలో ఎనిమిదో వంతు కదలికకు చిత్రం ఒక చుక్క మేర చెదురుతుంది. నాలుగు చుక్కలు చెదిరితే సన్నని గీతలు పూడడం మొదలవుతుంది. నాలుగు చుక్కలంటే సగం వెంట్రుక.

చేతితో పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే షట్టర్ వేగం పెంచవచ్చుగదా అని అడగవచ్చు. ఇక్కడ ఒకదానికొకటి ముడిపడిన కష్టాలున్నాయి. తాటాకు ఎన్నడూ బల్లపరుపుగా ఉండదు. కొంచెం వంపు తిరిగి, కొసలు లేచి ఉంటుంది. బలవంతాన అదిమితే విరుగుతుంది. మధ్యభాగమూ, కొసలూ కూడా స్పష్టంగా రావాలంటే లెన్సు ద్వారాన్ని బాగా సన్నం చేయాలి. ఎఫ్/11 దాకా పోవాలి. ద్వారం సన్నబడితే వెలుతురు తగ్గుతుంది. వ్రాతప్రతులున్న చాలా చోట్ల ఫ్లాష్‌ను అనుమతించరు. తీవ్రమైన, వేడి దీపాలనూ అనుమతించరు. సెన్సారు గ్రాహకశక్తిని పెంచితే చిత్రంలో ఇసుక చల్లినట్లు రవ్వలు లేస్తాయి, ఆ రవ్వలలో అక్షరపు గీతలు కలిసిపోతాయి. మిగిలింది కాలం ఒక్కటే. సెకనులో నాలుగో వంతు, ఒక్కొక్కసారి అర సెకను షట్టర్ తెరిచి ఉంచవలసి వస్తుంది. ఆకుకు వంపున్న పాపానికి కెమెరా అర సెకను సేపు ఊపిరి బిగబట్టవలసి వస్తున్నదన్నమాట.

కెమెరా ఊపిరి బిగబట్టాలంటే బల్ల కూడా బిగబట్టాలి. మన కార్యాలయాలలో, పాఠశాలలలో ఉన్న బల్లలలో నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనినవి అరుదు. ముక్కాలిపీట ఎటువంటి ఎగుడుదిగుడు నేలమీదనైనా ఊగదు. మూడు బిందువులు ఎప్పుడూ ఒక తలంలోనే ఉంటాయి. కెమెరాల స్టాండుకు మూడే కాళ్లుండడానికి కారణం అదే. నాలుగవ కాలు వచ్చినప్పటినుంచీ మడత పెట్టిన కాగితం అవసరం వచ్చింది. ఆ కాగితం కూడా నలిగి మెత్తబడుతుంది కనుక, సన్నని చెక్కముక్క గాని, రబ్బరు ముక్క గాని మేలు. బల్ల పలుచని రేకుదైతే దానిమీద బరువు పెట్టాలి. అడుగు అరలో రెండు ఇటుకలు గుడ్డలో చుట్టి పెట్టినా ఎంతో మార్పు కనిపిస్తుంది.

చిన్న స్టాండు పెట్టేటప్పుడు దాని నడిమి కడ్డీని పైకి లాగవద్దని పాతకాలపు ఛాయాగ్రాహకులు పదే పదే చెప్పేవారు. దానికి గట్టి ఆధారమున్నది. ఒక కొసన బిగించిన కడ్డీ రెండవ కొసన పెట్టిన బరువుకు ఎంత వంగుతుందన్నది దాని పొడవు ఘనాన్నిబట్టి ఉంటుంది. పొడవు రెండింతలైతే వంపు రెండింతలు కాదు, ఎనిమిదింతలు. బల్లమీద కెమెరా ఎంత క్రిందుగా ఉంటే అంత మంచిది. స్టాండు కాళ్లు మూడింటిలో ఒకటి లెన్సు చూసేవైపుకు ఉండాలి. అప్పుడు బరువు ముందుకు తూగినా దానిని కాసుకునే కాలు ఉంటుంది. రెండు కాళ్ల మధ్య ఖాళీలోకి లెన్సు తొంగి చూస్తే ఏదో ఒకనాడు కెమెరా బల్ల దిగుతుంది.

స్టాండు లేనప్పుడు, అది ఉన్నప్పుడు కూడా, గింజల సంచిని మించిన సాధనం లేదు. అడవిలో జీపు కిటికీమీదనుంచి పులులను చిత్రించేవారు దీనినే వాడుతారు. గుడ్డసంచిలో మూడువంతులు గింజలు గాని, ఇసుక గాని నింపి, లెన్సును దానిమీద పడుకోబెట్టి అదిమితే, అది తన ఆకారానికి తగిన గుంట తానే చేసుకుంటుంది. సంచి చేసే మేలు మోయడం ఒక్కటే కాదు. తంబుర తీగను మీటి దానిమీద అరచేయి ఆనిస్తే నాదం ఎట్లా అణగిపోతుందో, లెన్సులోని కంపనం గింజల రాపిడిలో అట్లా అణగిపోతుంది. ఇనుపస్తంభం బలంగా ఉండవచ్చుగాని ఒకసారి మ్రోగితే చాలాసేపు మ్రోగుతుంది. సంచి మ్రోగదు.

కాని వ్రాతప్రతుల గదిలోకి బియ్యం, పెసలు నింపిన సంచిని తేవడం బుద్ధి తక్కువ. గింజలకు పురుగు వస్తుంది, పురుగు తాటాకుకు పరమశత్రువు. ఇసుకయితే కుట్లలోనుంచి సన్నగా కారి లెన్సు మరలలో చేరుతుంది. ప్లాస్టిక్ గుళికలు నింపి, దగ్గరగా రెండు వరుసలు కుట్టిన సంచి ఇక్కడ వాడదగినది. సంచి నున్నటి బల్లమీద జారకుండా క్రింద ఒక రబ్బరు పలకను పరవడం కూడా అవసరమే.

ఆకును ఎక్కడ పెట్టాలన్న విషయంలో రెండు పద్ధతులున్నాయి. ఆకును బల్లమీద పరచి, నిలువు స్తంభానికి కెమెరాను క్రిందిచూపుగా బిగించడం ఒకటి. ఆకును వ్యాసపీఠంవలె వాలుగా ఉన్న పలకమీద, అడుగున చిన్న అంచు ఆనించి ఉంచి, ఎదురుగా అంతే వాలులో కెమెరాను బల్లమీదనే నిలపడం రెండవది. మొదటి పద్ధతిలో ఆకు నిశ్చింతగా పడుకుంటుంది, కాని రెండు కిలోల పైచిలుకు గాజు, లోహం దాని నెత్తిన వ్రేలాడుతూ ఉంటాయి. ఒక మర వదులైతే నాలుగు వందల ఏళ్లు నిలిచిన ఆకు ఒక్క క్షణంలో ముక్కలవుతుంది. స్తంభం వెనుకవైపు సరితూకపు బరువు లేకుండా, కెమెరాకు ఒక తాడు రక్షగా కట్టకుండా ఈ పద్ధతికి పూనుకోరాదు. జూమ్ లెన్సు తలక్రిందులుగా ఉన్నప్పుడు తన బరువుకు తానే మెల్లగా జారి పొడవవుతుంది. గొట్టం చుట్టూ వెడల్పాటి రబ్బరు పట్టీ వేస్తే అది ఆగుతుంది. రెండవ పద్ధతిలో ఈ భయాలు లేవు. కెమెరా పడినా బల్లమీదనే పడుతుంది. ఆకును పలకమీద నిలిపే ఓర్పు ఉన్నవారికి రెండవదే మేలనిపిస్తుంది.

ఏ పద్ధతి అయినా ఒక నియమం తప్పరాదు. ఆకూ, కెమెరా ఒకే బల్లమీద ఉండాలి. బల్ల మొత్తంగా ఒకవైపుకు వెంట్రుకవాసి జరిగినా, రెండూ కలిసి జరుగుతాయి గనుక చిత్రానికి తెలియదు. ఆకు ఒక బల్లమీద, కెమెరా మరొక బల్లమీద ఉన్నప్పుడు వీధిలో లారీ పోతే రెండు బల్లలూ రెండు విధాలుగా వణుకుతాయి.

నక్షత్రాలను చిత్రించేవారికి ఈ సదుపాయం లేదు. నక్షత్రాన్ని తెచ్చి బల్లమీద పెట్టలేరు. 1887లో పారిస్‌లో జరిగిన సమావేశంలో ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలోకి ఎక్కించాలన్న మహాసంకల్పం మొదలైనప్పుడు, లోకంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాతి కాలంలో ఈ పనిలో చేరింది; దక్షిణాకాశంలో 17 డిగ్రీలనుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చింది. బేగంపేటలో 8 అంగుళాల లెన్సున్న దూరదర్శక కెమెరాతో గాజు పలకలమీద ఆ చిత్రాలు తీశారు. ఈ సంకల్పానికి వాడిన కెమెరాలలో గాజు పలకమీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు, సమానం. నక్షత్రాలను కదలకుండా నిలపడం ఎవరి తరమూ కాదు గనుక అక్కడ కెమెరాయే గడియారపు యంత్రంతో ఆకాశం వెంట తిరగాలి. నిమిషాల తరబడి ఒకరు ప్రక్కనున్న దర్శినిలో కన్ను పెట్టి, ఒక నక్షత్రాన్ని సన్నని తీగల కూడలిమీదనుంచి జారకుండా కాచుకొని ఉండాలి. అటువంటి పరికరాలను వేధశాలలలో గది నేలమీద నిలపరు. భూమిలోనుంచి విడిగా లేపిన దిమ్మెమీద నిలుపుతారు. గది నేలకూ దిమ్మెకూ మధ్య సందు ఉంటుంది. చూసేవాడు గదిలో నడిచినా అడుగుల అదురు దిమ్మెకు తాకదు.

ఇంటి బల్లకు అటువంటి దిమ్మె దొరకదు. కాని అందులోని సూత్రం మాత్రం దొరుకుతుంది. మేడమీది గది కంటె క్రింది గది మేలు. గది మధ్యభాగం కంటె గోడవార మేలు. అంతస్తు పలక మధ్యలోనే ఎక్కువగా అదురుతుంది. చిత్రం తీసేవారు, తీయించేవారు ఆ అర సెకను సేపు అడుగు తీసి అడుగు వేయకూడదు. ఇక సీలింగ్ ఫ్యాను సంగతి. మన దేశంలో ఎందరో శ్రద్ధగా తీసిన చిత్రాలు ఎందుకు చెదిరాయో తెలియక తల పట్టుకున్నప్పుడు, తల పైకెత్తి చూస్తే కారణం తిరుగుతూ కనిపించేది. ఫ్యాను గాలి ఆకు కొసను లేపుతుంది, కెమెరాకు వ్రేలాడే పట్టెడను ఊపుతుంది. మే నెలలో ఫ్యాను ఆపి పనిచేయమనడం కఠినమే. ఇరవై ఆకులకొకసారి ఫ్యాను వేసుకొని చెమట తుడుచుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు. ఆ సమయంలో ఆకులమీద పలక కప్పి ఉంచాలి. పట్టెడను ఎలాగూ విప్పి తీసివేయవలసిందే. కంప్యూటరుకు పోయే తీగను కూడా కొంత వదులు ఉంచి బల్లకు అంటించాలి. లేకుంటే అదే కెమెరాను ప్రక్కకు లాగుతూ ఉంటుంది.

ఇన్ని చేసిన తరువాత కూడా కెమెరాను కదిలించేది ఒకటి మిగిలి ఉంటుంది. అది చిత్రం తీసే మనిషి వేలు. మీట నొక్కడమంటే కెమెరాను క్రిందికి నెట్టడమే. అద్దమున్న కెమెరాలలో అంతకంటె పెద్ద కుదుపు లోపలే పుడుతుంది. షట్టర్ తెరిచే ముందు లోపలి అద్దం టప్పున పైకి లేచి తగులుతుంది. ఆ కుదుపు చల్లారడానికి పట్టే వ్యవధి చాలా తక్కువ. కాని సెకనులో అరవయ్యో వంతు మొదలు ఒక సెకను దాకా ఉండే చిత్రాలలో చాలా భాగం ఆ వ్యవధిలోనే గడిచిపోతుంది. విచిత్రమేమంటే ఎనిమిది సెకన్ల చిత్రానికి ఈ బాధ తక్కువ. మొదటి అర సెకను వణికినా అది మొత్తంలో పదహారో వంతే. మిగిలిన కాలమంతా నిలకడగా పడిన వెలుతురు దానిని కప్పివేస్తుంది. వెయ్యో వంతు సెకను చిత్రానికీ బాధ తక్కువే. వణుకు ముదిరేలోగా పని పూర్తవుతుంది. నడుమనున్నదే చెడ్డకాలం. తాటాకు చిత్రాలు సరిగ్గా ఆ నడుమనే వస్తాయి.

అందువల్ల వేలును దూరంగా ఉంచాలి. కేబుల్ రిలీజ్ ఉంటే సరే. లేకుంటే కెమెరాలో ఉన్న సెల్ఫ్ టైమరే చాలు. రెండు సెకన్ల టైమరు చాలదు. తేలిక బల్లమీద బరువైన లెన్సుకు పది సెకన్లు ఇవ్వాలి. అద్దాన్ని ముందే లేపి ఉంచే ఏర్పాటు ఉంటే దానిని వాడాలి. అద్దం లేని కొత్త కెమెరాలలో ఈ కుదుపు లేదు. శబ్దం, కదలిక ఏమీ లేని ఎలక్ట్రానిక్ షట్టర్ కూడా వాటిలో ఉన్నది. కాని కొన్ని ఎల్.ఇ.డి. దీపాల క్రింద అది చిత్రంమీద చారలు వేస్తుంది. పని మొదలు పెట్టకముందే ఒక తెల్లకాగితాన్ని చిత్రించి చూసుకోవడం మంచిది. చేతివణుకును సరిదిద్దడానికి లెన్సులో ఉండే యంత్రాన్ని ఆపివేయడం మరచిపోరాదు. ముఖ్యంగా పాత లెన్సులలో అది లేని వణుకును వెతుకుతూ, తానే వణుకును పుట్టిస్తుంది.

కెమెరా నిజంగా నిలిచిందా లేదా అని తెలుసుకోవడానికి పరికరాలేమీ కొననక్కరలేదు. కెమెరా వెనుక తెరమీద ఒక అక్షరాన్ని పదింతలు పెద్దది చేసి, బల్లను వేలితో మెల్లగా తట్టి చూడాలి. అక్షరం ఏటిలో పడవలాగా ఊగుతుంది. అది పూర్తిగా ఆగేదాకా అంకెలు లెక్కపెట్టాలి. ఎన్ని సెకన్లకు ఆగిందో అంతకు రెండింతలు టైమరు పెడితే సరిపోతుంది. తట్టకుండానే ఊగుతున్నదంటే బల్లకో, నేలకో, ఫ్యానుకో నయం చేయవలసింది ఇంకా ఉన్నదన్నమాట. ఎక్కడ లోపమున్నదో ఒక్కొక్కటిగా ఆపి చూస్తే దొరుకుతుంది. ఈ పరీక్షకు పట్టే కాలం పది నిమిషాలు. రెండు వందల ఆకుల గ్రంథానికి ఇరువైపులా కలిపి నాలుగు వందల చిత్రాలు. అవన్నీ తీసి మూట కట్టిన తరువాత చెదిరాయని తెలిస్తే, పెళుసుబారిన ఆకులను మళ్లీ ఒకసారి విప్పవలసి వస్తుంది. రెండవసారి విప్పడానికి అవి మిగిలి ఉంటాయన్న హామీ లేదు.

అందుకే అనుభవమున్నవారు మొదటి ఆకుతో తొందరపడరు. దానిని వాలుపలకమీద పెట్టి, ప్రక్కన ఒక కొలబద్దను ఉంచి, దీపాన్ని ఎడమవైపుకు దించుతారు. ఫ్యాను ఆపుతారు. టైమరు నొక్కి చేతులు వెనక్కు తీసుకుంటారు. పది సెకన్లపాటు గదిలో ఎవరూ కదలరు. షట్టర్ తెరుచుకొని మూసుకుంటుంది. తరువాత ఆ చిత్రాన్ని కంప్యూటరు తెరమీద నిండుగా పెంచి, ఆకు మధ్యలో ఒకచోట, రెండు కొసలలో రెండుచోట్ల వెతుకుతారు. వెతికేది పెద్ద అక్షరాల కోసం కాదు. 'ధ' అడుగున ఉన్న చిన్న గీత కోసం, 'ప' పైన ఉన్న ఎడం కోసం. మూడుచోట్లా అవి కనిపించిన తరువాత, ఒకరు రెండు చేతులతో ఆకును ఎత్తి, మెల్లగా వెనక్కు తిప్పుతారు.